ఇంట్లో ఎలుకలు: చంపకుండా బయటికి పంపడం ఎలా?

అర్ధరాత్రి వంటింట్లో గిన్నె కదిలిన చప్పుడు. లేచి లైటు వేస్తే ఏమీ కనిపించదు. పొద్దున చూస్తే బియ్యం సంచి మూలన చిన్న రంధ్రం, స్టవ్ వెనక నాలుగు పెంటికలు. ఇక టెన్షన్ మొదలవుతుంది. మధ్యాహ్నానికల్లా ఒకరు జిగురు అట్ట తెచ్చుకోమంటారు, ఇంకొకరు మందు బిళ్ళ పెట్టమంటారు.

నేనూ ఒకసారి జిగురు అట్ట పెట్టాను. అప్పుడు అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. తెల్లవారుజామున సన్నటి కీచుమనే అరుపు వినిపించి వెళ్ళి చూశాను. నా బొటనవేలంత చిట్టెలుక. నాలుగు కాళ్ళూ, ఒక పక్క చెంపా అట్టకు అంటుకుపోయాయి. విడిపించుకోవాలని లాక్కుని లాక్కుని ఒక కాలి చర్మం ఊడింది. దాన్ని ఎలా విడదీయాలో నాకు తెలియలేదు. అట్టతో సహా కవర్లో చుట్టి చెత్తలో వేసేయమన్నారు చుట్టుపక్కల వాళ్ళు. కవర్లోంచి కూడా ఆ అరుపు చాలాసేపు వినిపించింది. ఆ రోజు నేను చేసిన పనికి ఇప్పటికీ బాధపడతాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఆ ఎలుక చచ్చిపోయిన పది రోజులకే ఇంకొకటి వచ్చింది. రాక ఏం చేస్తుంది? మొదటిది వచ్చిన కన్నం అలాగే ఉంది, దాన్ని పిలిచిన తిండీ అలాగే ఉంది. ఆ రెండింటి సంగతీ చూసుకున్నాక నాకు పట్టాల్సిన ఎలుకలు మూడే మిగిలాయి. ఆ మూడింటినీ బోనుతో పట్టి వదిలేశాను. పని ఏ వరసలో చేయాలో కింద రాస్తున్నాను. వరస తప్పకండి, ముఖ్యంగా బోను దగ్గరికి నేరుగా దూకకండి.

ముందు, వచ్చింది ఎవరో తెలుసుకోండి

మన ఇళ్ళలో తిరిగేవన్నీ ఒకే రకం కాదు. పెంటికలు బియ్యపు గింజంత ఉండి, కొసలు సన్నగా ఉంటే అది చిట్టెలుక. ఈ వ్యాసం ఎక్కువగా దాని గురించే. పెంటికలు సెంటీమీటరు దాటి ఉంటే ఇంటి ఎలుక. దాని తోక ఒంటికన్నా పొడుగ్గా ఉంటుంది. చెట్టు కొమ్మలు, కేబుల్ వైర్ల మీదుగా పైనుంచి దిగడం దానికి అలవాటు. పునాది పక్కన, పెరట్లో పెద్ద బొరియ, దాని ముందు మట్టి కుప్ప కనిపిస్తే పందికొక్కు. అది సాధారణంగా ఇంట్లో కాపురం పెట్టదు.

ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది ఎలుక అనుకుని చంపేస్తారు. మూతి పొడవుగా, కళ్ళు ఆవగింజల్లా ఉండి, గోడ వారగా కిచకిచమంటూ పరుగెడుతుంది. దగ్గరికి వెళ్తే ఘాటైన వాసన. అది చుంచు. చూడడానికి ఎలుకలా ఉన్నా అది ఎలుక జాతి కాదు. దాని తిండి బొద్దింకలు, పురుగులు. మీ బియ్యం బస్తాకు అది చేసే నష్టం దాదాపు ఏమీ ఉండదు. చుంచు వస్తే రాత్రి లైట్లు ఆపి, వీధి తలుపు కాసేపు తీసి ఉంచండి. గోడ పట్టుకుని అదే వెళ్ళిపోతుంది. బోనులో మాత్రం పడనివ్వకండి. దానికి తరచూ తిండి కావాలి, తెల్లవారేలోపే ఆకలితో చచ్చిపోవచ్చు.

దారి కనిపెట్టండి

ఎలుక గది మధ్యలోంచి నడవదు. మీసాలు గోడకు తగిలేలా, అంచు వెంటే పోతుంది. రోజూ అదే దారి. కాబట్టి వెతకాల్సింది గోడల అంచుల్లోనే.

రాత్రి పడుకునే ముందు అనుమానం ఉన్న చోట్ల, అంటే సింకు కింద, ఫ్రిజ్ వెనక, సిలిండర్ పక్కన, స్టోర్‌రూమ్ గుమ్మం దగ్గర, ముగ్గుపిండి పలచగా చల్లండి. బియ్యప్పిండి వద్దు, అది తిండి అయిపోతుంది. పొద్దున్నే మొబైల్ టార్చ్ నేల మీద పడుకోబెట్టినట్టు పట్టి చూడండి. చిన్న చిన్న అడుగులు కనిపిస్తాయి. ముందు కాలికి నాలుగు వేళ్ళు, వెనక కాలికి అయిదు. మధ్యలో తోక ఈడ్చిన గీత కూడా ఉండొచ్చు. అడుగులు ఎటు నుంచి మొదలయ్యాయో అటు కన్నం ఉంటుంది. వరసగా మూడు రాత్రులు ఇలా చేసి, ఒక కాగితం మీద ఇంటి బొమ్మ గీసుకుని గుర్తులు పెట్టుకోండి. ఈ మూడు రోజులూ ఇంకేమీ చేయకండి.

చిట్టెలుక గూటి నుంచి ఎక్కువ దూరం పోదు. మామూలుగా పది మీటర్ల లోపే తిరుగుతుంది. అంటే అడుగులు వంటింట్లో ఉంటే గూడు కూడా వంటింట్లోనో, దాని పక్క గదిలోనో, పై అటక మీదో ఉన్నట్టే. ఆ లెక్కతో వెతికితే ఇల్లంతా తలకిందులు చేయాల్సిన పని లేదు.

తిండి అందకుండా చేయండి

మా నాయనమ్మ పెంకుటింట్లో వెన్న, పెరుగు, నెయ్యి ఎప్పుడూ ఉట్టి మీదే ఉండేవి. ఎండు కొబ్బరి, బెల్లం, పప్పులు ఇత్తడి డబ్బాల్లో. రాత్రి భోజనాలయ్యాక పొయ్యి గట్టు తుడిచి, ఎంగిలి పళ్ళేలు కడిగి బోర్లించాకే ఆవిడ పడుకునేది. ఆ ఇంట్లో ఎలుకలు లేవని చెప్పను, పెంకుల మధ్య ఉండేవి. కానీ గట్టు మీదికి వచ్చేవి కావు, వచ్చినా దొరికేదేమీ లేదు. ఇప్పుడు మన వంటిళ్ళు గట్టివే, తిండి మాత్రం పాలిథిన్ కవర్లో, క్లిప్ పెట్టిన ప్యాకెట్లో ఉంటోంది. ఎలుక పళ్ళకు కవరు ఒక అడ్డే కాదు.

చిట్టెలుక రోజుకు మూడు నాలుగు గ్రాముల తిండి తింటే చాలు. అంటే చెంచా నిండా కూడా కాదు. పైగా ఒక్క చోట కూర్చుని తినదు, నాలుగు చోట్ల కొంచెం కొంచెం కొరుకుతుంది. స్టవ్ కింద రాలిన పోపు గింజలు, మిక్సీ కింద పిండి, డైనింగ్ టేబుల్ కింద పిల్లలు రాల్చిన మెతుకులు దానికి విందు. నీళ్ళ కుళాయి కట్టేసినంత మాత్రాన వెళ్ళిపోతుందని అనుకోవద్దు, చాలా తక్కువ నీటితో బతకగలదు.

కాబట్టి బియ్యం స్టీలు డ్రమ్ములోకి మార్చండి. పప్పులు, రవ్వలు, పల్లీలు, నువ్వులు, ఎండు మిర్చి మూత బిగుతుగా ఉండే స్టీలు లేదా గాజు డబ్బాల్లో పోయండి. ప్లాస్టిక్ డబ్బా ఎంత మందంగా ఉన్నా ఓపిక ఉన్న ఎలుక మూత అంచు కొరికేస్తుంది. ఉల్లిపాయలు, బంగాళాదుంపల బుట్ట నేల మీద కాకుండా వేలాడదీయండి. చెత్తబుట్టకు మూత ఉండాలి, రాత్రికి ఖాళీ చేయాలి. కుక్కనో పిల్లినో పెంచుతుంటే వాటి గిన్నె రాత్రంతా నేల మీద వదలకండి.

పూజ గది చాలామంది మరిచిపోతారు. కొబ్బరి చిప్ప, బెల్లం ముక్క, నానబెట్టిన శనగలు, పటికబెల్లం అక్కడే రాత్రంతా ఉండిపోతాయి. నూనెలో తడిసిన వత్తి ఎలుకకు తిండీ అవుతుంది, గూటికి దూదీ అవుతుంది. వెలుగుతున్న దీపంలోంచి వత్తిని లాక్కుపోతే ఇల్లు అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే పడుకునే ముందు దీపం కొండెక్కిందని చూసుకుని కుందులు తుడిచి పెట్టండి, వత్తుల ప్యాకెట్ డబ్బాలో దాచండి. నైవేద్యం ప్రసాదంగా పంచేసి ఆ పళ్ళెం కడిగేయండి. స్నానాల గదిలో సబ్బు కూడా కొరుకుతాయి, మూత ఉన్న సబ్బుపెట్టె వాడండి.

తర్వాత అటక. ఫ్రిజ్ కొన్నప్పటి అట్టపెట్టె, అందులోని థర్మకోల్, పాత దినపత్రికల కట్టలు, పాత చీరల మూట, దూది బయటికొచ్చిన బొంత, ఇవన్నీ గూటికి సరిపడా సరుకు. ఒక ఆదివారం కేటాయించి దించండి. అయితే తొందరపడి దులపకండి, ఒక్కో మూటా మెల్లగా విప్పి చూడండి. గులాబి రంగులో, కళ్ళు తెరవని పిల్లలు కనిపిస్తే ఆ మూటను ఉన్నచోటే మళ్ళీ కప్పి పక్కకు రండి. వాటి సంగతి కింద చెబుతాను.

కన్నాలు మూయండి

అసలు పని ఇదే. మిగతావన్నీ చేసి ఇది వదిలేస్తే ఏడాదంతా బోను పెడుతూనే ఉండాలి.

పెన్సిల్ తీసుకుని ఇల్లంతా తిరగండి. పెన్సిల్ దూరే సందులో చిట్టెలుక దూరుతుంది. ఆరు మిల్లీమీటర్ల సందు దానికి చాలు. తల పడితే ఒళ్ళంతా పడుతుంది. ఇంటి ఎలుక పిల్లకు పన్నెండు మిల్లీమీటర్లు కావాలి.

మన ఇళ్ళలో ఎక్కడెక్కడ చూడాలంటే, సింకు కింద పైపు గోడలోకి పోయే చోట మొదలుపెట్టండి. అక్కడ ప్లంబరు పెద్ద కన్నం కొట్టి, చుట్టూ సిమెంటు పెట్టకుండా, ఒక ప్లాస్టిక్ బిళ్ళతో కప్పి వెళ్ళిపోయి ఉంటాడు. ఆ బిళ్ళ జరిపి చూడండి. తర్వాత సిలిండర్ బాల్కనీలో పెట్టుకునేవాళ్ళకు గ్యాస్ ట్యూబు కోసం గోడకు చేసిన రంధ్రం, ఏసీ పైపు రంధ్రం, చిమ్నీ గొట్టం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల మధ్య, వాషింగ్ మెషిన్ నీళ్ళు పోయే గొట్టం పెట్టిన చోటు, బాత్‌రూమ్ నేల మీద విరిగిన జాలీ, దోమల తెర చిరిగిన మూల, వీధి తలుపు కింద సందు. సొంతిల్లయితే గోడకు తగిలే జామ కొమ్మలు, డాబా మీదికి వాలిన కొబ్బరి మట్టలు కూడా చూడండి. కొమ్మకూ గోడకూ కనీసం ఒక మీటరు దూరం ఉండేలా కొట్టేయండి. పెంకుటింట్లో అన్ని సందులూ మూయడం అయ్యే పని కాదు. అక్కడ ఇల్లంతా కాకుండా వంటగదినీ సామాను గదినీ కట్టుదిట్టం చేసుకోవడం మేలు.

మూయడానికి ఏం వాడాలి? గిన్నెలు తోమే స్టీలు పీచు. తుప్పు పట్టని రకం కొనండి. పైపు చుట్టూ దాన్ని గట్టిగా కూరి, పైన సిమెంటు గానీ ఎం-సీల్ గానీ మెత్తండి. ఎలుక సిమెంటును గీకుతుంది, పీచు దగ్గరికొచ్చేసరికి ఆగిపోతుంది. గుడ్డలు, థర్మకోల్, స్ప్రే చేసే ఫోమ్, చెక్క ముక్కలు ఉత్తవి పెడితే రెండు రాత్రుల్లో కొరికేస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కూ, గాలి రంధ్రాలకూ ఆరు మిల్లీమీటర్లకన్నా సన్న కళ్ళున్న ఇనుప జాలి బిగించండి. తలుపు కింద అల్యూమినియం పట్టీ. నేల జాలీ స్టీలుది. ఒక సగం రోజు మేస్త్రి దొరికితే ఇంకా మంచిది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఎలుకలు లోపల ఉండగానే అన్ని కన్నాలూ ఒకేసారి మూసేస్తారు. లోపల చిక్కినవి గోడలోనో కప్‌బోర్డు వెనకో ఆకలితో చస్తాయి. అది వాటికి నరకం, తర్వాత వారం పాటు ఆ వాసనతో మీకూ నరకం. అందుకని బయటి నుంచి ఇంట్లోకి వచ్చే కన్నాలు మాత్రమే ముందు మూయండి. లోపలి సందులు, అంటే కప్‌బోర్డు వెనక, అటక మూల, ఇవి తెరిచే ఉంచండి. లోపల ఉన్నవి అక్కడి నుంచి బోను దగ్గరికి రావాలి కదా.

ఏ కన్నం వాడుకలో ఉందో అనుమానంగా ఉంటే పాత దినపత్రిక ఉండ చేసి వదులుగా కూరండి. పొద్దునకి ఉండ బయట పడి ఉంటే అది దారే. మూడు నాలుగు రాత్రులు కదలకుండా ఉంటే అటు ఎవరూ రావడం లేదని అర్థం, ధైర్యంగా మూసేయొచ్చు.

బోను పెట్టడం

బజారులో దొరికే పాతకాలపు ఇనుప బోను ఇంటి ఎలుకకు బాగా పనికొస్తుంది. చిట్టెలుకకు కొనేటప్పుడు మాత్రం కమ్మీల మధ్య సందు చూసుకోండి. ఎర తిని కమ్మీల్లోంచే బయటికి నడిచిపోయిన చిట్టెలుకను నేను కళ్ళారా చూశాను. వాటికి చిన్న ప్లాస్టిక్ బోన్లు, నాలుగు పక్కలా మూసి తలుపు ఒక్కటే ఉండేవి, మేలు. లోపల చీకటిగా ఉంటుంది కాబట్టి పట్టుబడినదానికి భయం కూడా కొంత తక్కువ. స్ప్రింగు చాలా గట్టిగా ఉండి, తలుపు దభాలున పడే బోను వద్దు. తోకనో కాలినో నలిపేస్తుంది.

ఎరకు చీజ్ అవసరం లేదు. నిప్పు మీద కాల్చిన ఎండు కొబ్బరి ముక్క వాసన ఎలుకను అటక మీది నుంచి దింపుతుంది. వేయించిన పల్లీ, ఉల్లిపాయ పకోడీ, మసాలా వడ ముక్క కూడా బాగా పనిచేస్తాయి. మాంసాహారులైతే ఎండు చేప. చిన్న ముక్క చాలు, కొక్కేనికి గట్టిగా గుచ్చండి. దాంతోపాటు ఒక కీరదోస ముక్క, కాస్త చింపిన మెత్తటి కాగితం లోపల వేయండి. ముక్క నీటి కోసం, కాగితం దాక్కోవడానికి. పట్టుబడినది తెల్లారేదాకా బతికి ఉండాలంటే ఈ రెండూ కావాలి.

బోనును ముగ్గుపిండిలో అడుగులు కనిపించిన చోట, గోడకు ఆనించి, తలుపు గోడ వెంట వచ్చే దారికి ఎదురుగా పెట్టండి. ఒకటి కాదు, రెండు మూడు పెట్టండి. చిట్టెలుకకు కుతూహలం ఎక్కువ, కొత్త వస్తువు కనిపిస్తే మొదటి రాత్రే వచ్చి చూస్తుంది. పెద్ద ఎలుకది ఇందుకు భిన్నం. కొత్తదేదైనా కనిపిస్తే నాలుగైదు రోజులు దూరంగా ఉంటుంది. దాని కోసం అయితే తలుపు పడకుండా కట్టేసి, మూడు నాలుగు రోజులు ఎర తిననిచ్చి, తర్వాత బిగించండి.

పడుకునే ముందు ఒకసారి, మధ్యలో మెలకువ వస్తే ఒకసారి, తెల్లవారుజామున తప్పకుండా ఒకసారి చూడండి. చిన్న ప్రాణం, ఒంట్లో వేడి త్వరగా ఖర్చవుతుంది, తిండి లేకుండా గంటల తరబడి ఆగలేదు. ఊరెళ్తుంటే బోన్లన్నీ మూసి వెళ్ళండి. ఎండ పడే బాల్కనీలో, డాబా మీద పెట్టకండి. మా బంధువుల ఇంట్లో బోను పెట్టి పెళ్ళికి వెళ్ళి మూడో రోజు తిరిగొచ్చారు. ఆ బోను తెరవడానికి ఇంట్లో ఎవరికీ చేతులు రాలేదు.

పట్టుబడింది తల్లి అయితే

ఈ మాట ఎవరూ చెప్పరు, నాకూ ఎవరూ చెప్పలేదు. చిట్టెలుక మూడు వారాలు మోసి అయిదారు పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలకు ఇంకో మూడు వారాలు పాలు కావాలి. బోనులో పడినదాని పొట్ట చూడండి. చనుమొనలు ఉబ్బి, చుట్టూ బొచ్చు ఊడినట్టు ఉంటే అది పాలిచ్చే తల్లి. దాన్ని బయట వదిలేస్తే గూట్లో పిల్లలు మెల్లగా చచ్చిపోతాయి.

అప్పుడేం చేయాలి? బోను తలుపు ఉన్నచోటే తీసి దాన్ని వదిలేయండి. కష్టంగానే ఉంటుంది, మూడు రోజుల శ్రమ వృథా అనిపిస్తుంది. కానీ మూడు వారాలు తిండి డబ్బాలన్నీ గట్టిగా పెట్టుకుని, బోన్లు తీసేసి ఆగితే పిల్లలు సొంతంగా తిరగడం మొదలుపెడతాయి. అప్పుడు తల్లీ పిల్లలూ వరసగా పడతాయి. అంతకన్నా ఎక్కువ ఆగకండి, ఆరు వారాలకే ఆ పిల్లలు పిల్లల్ని పెట్టే వయసుకు వస్తాయి. గూడు ఎక్కడుందో మీకు తెలిసి, ఆ మూటను కదపకుండా ఎత్తగలిగే వీలుంటే ఇంకో మార్గం కూడా ఉంది. తల్లి పట్టుబడిన రోజే పిల్లలున్న మూటను చేతికి గ్లౌజులు వేసుకుని పెద్ద పెట్టెలో పెట్టి, తల్లిని అందులోకే వదిలి, పెట్టె పక్కకు ఒక కన్నం పెట్టి, బయట వానపడని మూల ఉంచడం. నేను ఒక్కసారే చేశాను. పొద్దునకి పెట్టె ఖాళీగా ఉంది, పిల్లల్ని నోట కరుచుకుని ఎటో మార్చుకుంది. ప్రతిసారీ అలా జరుగుతుందని మాత్రం చెప్పలేను.

ఎక్కడ వదలాలి

కారులో పది కిలోమీటర్లు తీసుకెళ్ళి చెరువు గట్టున వదిలితే పుణ్యం అనుకుంటారు. చిట్టెలుక మనుషుల చుట్టూ బతకడానికి అలవాటు పడిన జంతువు. తెలియని చోట తిండి ఎక్కడో, దాక్కునేది ఎక్కడో దానికి తెలియదు. అలా దూరంగా వదిలినవాటిలో చాలా వరకు బతకవు. ఇంటికి వంద మీటర్ల లోపే, దట్టమైన పొదలో, రాళ్ళ కుప్ప, కట్టెల మోపు లాంటి చోటులో వదలండి. మళ్ళీ వస్తుందని భయమా? రావడానికి ప్రయత్నిస్తుంది. అందుకే కన్నాలు ముందు మూయమన్నాను.

తెల్లవారుజామున, వెలుగు రాకముందే వదలడం మంచిది. పగటిపూట బట్టబయలు మైదానంలో వదిలితే కాకులు ఎత్తుకుపోతాయి. బోనుకు పల్చటి గుడ్డ కప్పి తీసుకెళ్ళండి, చీకట్లో అది కాస్త నిమ్మళంగా ఉంటుంది. గ్లౌజులు వేసుకుని, తలుపు పొద వైపు తిప్పి తెరిచి, మీరు వెనక్కి జరగండి. కదిలించి బయటికి దులపకండి. ఇంకొకరి ఇంటి గోడ పక్కన, పొలం గట్టున, కిరాణా కొట్టు వెనక వదలడం న్యాయం కాదు, మన కష్టాన్ని వాళ్ళకు అంటగట్టినట్టే.

వదిలాక శుభ్రం

ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం లాంటి జబ్బులు వస్తాయి. కాబట్టి పెంటికలను చీపురుతో పొడిగా ఊడ్చకండి, దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. కిటికీలు తెరిచి, గ్లౌజులు, మాస్కు వేసుకుని, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి వాటి మీద పోసి అయిదు నిమిషాలు నాననివ్వండి. తర్వాత పాత కాగితంతో ఎత్తి, కవర్లో కట్టి పారేయండి. బోనును కూడా అలాగే కడిగి ఎండలో పెట్టండి. పెంటికలు పడిన పిండి, రవ్వ, కొరికిన పండ్లు దాచుకోవద్దు. గ్యాస్ ట్యూబు మీద పంటి గాట్లున్నాయేమో ఆ రోజే చూడండి, ఉంటే వెంటనే మార్చి, లోపల స్టీలు తీగ అల్లిన ట్యూబు వేయించుకోండి.

పొరపాటున ఎలుక కరిస్తే సబ్బు, పారే నీటితో బాగా కడిగి డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఎలుకలున్న రోజుల్లో జ్వరం వచ్చినా ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

మందు, జిగురు ఎందుకు వద్దంటున్నాను

మార్కెట్లో దొరికే బిళ్ళల్లో చాలా వాటిలో రక్తం గడ్డకట్టకుండా చేసే మందు ఉంటుంది. తిన్న ఎలుక మూడు నాలుగు రోజులు లోలోపల రక్తం కారి చస్తుంది. ఆ ఎలుకను తిన్న గుడ్లగూబకూ, పిల్లికీ ఆ విషం ఎక్కుతుంది. నల్లటి పొడిలా దొరికే జింక్ ఫాస్ఫైడ్‌కు, పేస్టులా దొరికే పసుపు భాస్వరానికి విరుగుడే లేదు. పాకే పిల్లలున్న ఇంట్లో అది ఏ రూపంలోనూ ఉండకూడదు. కలరా ఉండలు కూడా వద్దు, పిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. చెవికి వినిపించని శబ్దం చేసే ప్లగ్ యంత్రాలను నమ్ముకోకండి. ఆ శబ్దం సామాను దాటి వెళ్ళదు, ఎలుకలు నాలుగు రోజుల్లో దానికి అలవాటు పడతాయి.

జిగురు అట్టల విషయంలో చట్టం కూడా ఉంది. వీటి వాడకం 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టానికి విరుద్ధమని భారత జంతు సంక్షేమ బోర్డు రాష్ట్రాలకు సూచించింది. కొన్ని రాష్ట్రాలు వీటిని నిషేధించాయి కూడా. బోనులో పట్టి బకెట్ నీళ్ళలో ముంచడం మన దగ్గర మామూలైపోయింది, అదీ ఇలాంటి క్రూరత్వమే. పిల్లలు చుట్టూ నిలబడి చూస్తుండగా ఆ పని చేయడం చూసినప్పుడు నాకు ఎలుక మీద జాలి, పిల్లల గురించి దిగులు రెండూ కలుగుతాయి.

మీ ఇంట్లో గానీ, పక్కవాళ్ళ ఇంట్లో గానీ ఇప్పటికే జిగురుకు ఒకటి అంటుకుని ఉంటే విడదీయవచ్చు. లాగకండి. మందపాటి గ్లౌజులు వేసుకుని, తల మీద పల్చటి గుడ్డ కప్పి, అంటుకున్న చోట్ల వంటనూనె చుక్క చుక్కగా పోస్తూ వేలితో మెల్లగా రుద్దండి. ముక్కులో నూనె పడకూడదు. పది నిమిషాల్లో ఒక్కో కాలూ వదులుతుంది. విడిపడ్డాక గుడ్డతో ఒళ్ళు తుడిచి, గాలి రంధ్రాలున్న పెట్టెలో కాగితం ముక్కలు, కీరదోస ముక్క పెట్టి రెండు గంటలు చీకట్లో ఉంచండి. తేరుకుంటే వదలండి. కాలు విరిగితే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. ఇది నాకు ఆ రోజు తెలిసి ఉంటే బాగుండేది.

అపార్ట్‌మెంట్ వాళ్ళకు ఇంకో మాట

ఒక్క ఫ్లాట్ శుభ్రంగా ఉంటే సరిపోదు. పైపులు దిగే డక్ట్, సెల్లార్లో చెత్త డ్రమ్ములు, వాచ్‌మన్ గది పక్కన పాత సామాను, అందరివీ కదా. అసోసియేషన్ మీటింగులో మూడు పనులు అడగండి. డక్ట్ కింద జాలి, చెత్త డ్రమ్ములకు మూతలు, పాత సామాను ఖాళీ. పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలిస్తే ముందే కాగితం మీద రాయించుకోండి, జిగురు అట్టలు, విషం వాడొద్దు, కన్నాలు మూసి బోన్లు పెట్టాలి అని. మీ సెల్లార్లో ఎలుకలు తగ్గితే వాటి కోసం వచ్చే పాములూ తగ్గుతాయి. ఈ మాట చెబితే మీటింగులో అందరూ వింటారు.

బోన్లలో ఏదీ పడకుండా వారం గడిచాక మళ్ళీ ముగ్గుపిండి చల్లండి. వరసగా అయిదు రాత్రులు అడుగులు కనిపించకపోతే, ఇందాక తెరిచి ఉంచమన్న లోపలి సందులు కూడా స్టీలు పీచు, సిమెంటుతో మూసేయండి. బోను కడిగి ఆరబెట్టి, ఎర కొక్కెం ఖాళీ చేసి, తలుపు పడకుండా తాడుతో కట్టి అటక మీద పెట్టండి. ఆ తర్వాత వానలు మొదలయ్యే ముందు ఒకసారి, సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి పెన్సిల్ పట్టుకుని సందులన్నీ చూసుకుంటే చాలు.